నాలుగింతల వేడి

టెంపో ఆగగానే ఆ అమ్మాయి షెడ్డులోంచి బయటికి వచ్చింది. టెంపోలో ఉన్న బాయిలర్‌ని చూసింది. తన షెడ్డును చూసుకుంది. మళ్ళీ బాయిలర్‌ని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది చూడండి, డిసెంబరు చలిలో నాకు చెమట పట్టింది.

"ఏమప్పా, దోవ తప్పి వచ్చినావా? కల్యాణమండపం పుంగనూరులో ఉండాది. నేరుగా పో."

"మునీశ్వరి చాకీ సెంటర్ ఇదే కదా మేడం?"

"ఇదే."

"అయితే సరైన తావుకే వచ్చినాను. మీరు ఆర్డరిచ్చిన హీటర్ ఇది."

"నేనడిగింది ఇరవై అడుగుల రూముకు. నువ్వు తెచ్చింది ఊరందరికీ స్నానాలు చేయించేది."

పేరులో ముని ఉన్నా నోటికి మౌనం లేదని అప్పుడే అర్థమైంది.

నా పేరు సిద్ధార్థ. మాది కుప్పం. అక్కడే ఇంజనీరింగ్ చదివాను. రెండేళ్ళుగా మదనపల్లెలో సుభాన్ భాయ్ వర్క్‌షాపులో బాయిలర్లు చేస్తున్నాను. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే యూనిట్లు మదనపల్లెలో ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావాటికి మా బాయిలర్లే. నన్ను ఏమన్నా అనండి, పడతాను. నా బాయిలర్‌ని అంటే మాత్రం నాకు ముక్కు మీదికి వస్తుంది కోపం.

"మేడం, మీరు ఇరవై వేలన్నారు. నేను ఇరవై వేలే తెచ్చినాను. కావాలంటే మెసేజ్ సూడండి."

ఇద్దరం ఫోన్లు తీశాం. ఆమె పంపిన మెసేజ్ ఇది: చాకీ రూముకు హీటర్ కావాల, 20000, శుక్రవారం లోపల. దానికి నేనిచ్చిన జవాబు ఒక బొటనవేలు బొమ్మ.

"ఇరవై వేల బీటీయూ అప్పా!"

"బీటీయూనా? ఇరవై వేల కిలోకేలరీలు కదా!"

ఇద్దరం మళ్ళీ బాయిలర్ వైపు చూశాం.

ఇక్కడ మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. గంటకు ఎంత వేడి అని చెప్పడానికి ఒక్కో వ్యాపారానిది ఒక్కో కొలత. గీజర్లు అమ్మేవాళ్ళు కిలోవాట్లంటారు. ఏసీల వాళ్ళు టన్నులంటారు, బీటీయూలంటారు. మా బాయిలర్ వీధిలో కిలోకేలరీలు తప్ప ఇంకోటి లేదు. ఆ మాట కూడా ఎవరూ నోటితో అనరు. "పది వేలు", "యాభై వేలు" అని ఫోన్లో వినబడితే చాలు, రేకు కోయడం మొదలుపెడతాం. రూము ఎంతుందో, గోడ ఎట్లా ఉందో వెళ్ళి చూసే అలవాటు మా తాతల నాటి నుంచి లేదు. మునీశ్వరి ఏమో పట్టుపురుగుల పెంపకం మీద డిగ్రీ చదివిన పిల్ల. రూము కొలతలన్నీ ఫోన్లో ఒక యాప్‌లో వేసింది. ఆ యాప్ బీటీయూల్లో చెప్పింది.

ఆమె అక్కడికక్కడే లెక్క కట్టింది. వేళ్ళు ఫోన్ మీద టకటకలాడాయి.

"నాకు కావాల్సింది అయిదు పాయింట్ ఎనిమిది కిలోవాట్లు. నువ్వు తెచ్చింది ఇరవై మూడు. నాలుగింతలు!"

"మీరు యూనిట్ రాయాల్సింది."

"నువ్వు అడగాల్సింది."

ఈ రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. టెంపో డ్రైవర్ ఫక్కున నవ్వాడు. ఇద్దరం కలిసి అతన్ని కోపంగా చూశాం. మా ఇద్దరికీ కుదిరిన మొదటి పని అదే.

అప్పుడు వచ్చాడు వాళ్ళ నాన్న వెంకటరమణప్ప. తలకు మఫ్లర్, చేతిలో పాల క్యాను. బాయిలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. కూతురితోనే అన్నాడు.

"పోయిన తూరి చలికి సగం పురుగులు పాయ. ఈ తూరి కూడా పోతే సెంటర్ మూసేద్దాం అమ్మా. టమాటా క్రేట్లు పెట్టుకునేదానికి షెడ్డు అడుగుతాండారు. వాళ్ళకు మాటిచ్చేస్తాను."

మునీశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నాకు కనబడకూడదని టెంపో నంబర్ ప్లేటు వైపు తిరిగింది. నా కోపం అంతా ఎటు పోయిందో నాకే తెలీదు.

పట్టుపురుగులు పుట్టిన మొదటి వారం పసిబిడ్డలతో సమానం. వాటిని ఇరవై ఏడు డిగ్రీల వెచ్చదనంలో పెట్టి, లేత మల్బరీ ఆకు తరిగి వేసి, కాస్త పెరిగాక రైతులకు ఇచ్చేదే చాకీ సెంటర్. రెండు వేల పట్టు సీతాకోకలు పెట్టిన గుడ్లు ఇప్పటికే వచ్చి ఉన్నాయి. పన్నెండు మంది రైతులు పేర్లు రాయించుకున్నారు. గుడ్లు పగిలేది శుక్రవారం. ఆ రోజు సోమవారం. బయట తెల్లవారుజామున పదమూడు డిగ్రీలు.

సుభాన్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"చిన్నది చేయాలంటే పది దినాలు పడతాది బేటా. తప్పు చేసింది నువ్వు. సర్దేది కూడా నువ్వే. సర్దినంకనే షాపుకు రా," అని పెట్టేశాడు.

"ఏం ఫర్వాలేదు మేడం," అన్నాను గొప్పగా. "మంట తగ్గించి, వాల్వు సగం తిప్పితే నాలుగింతలు ఒకింత అయిపోతాది."

మంగళవారం బాయిలర్ బిగించాను. మల్బరీ కట్టెలతో పొయ్యి వెలిగించాను. బాయిలర్‌లో కాగిన నీళ్ళు పైపులో రూముకు వస్తాయి, వాటి మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది. అరగంటకు రూములో ముప్పై ఆరు డిగ్రీలు. మంట ఆర్పాను. గంటకు పందొమ్మిది. మళ్ళీ వెలిగించాను. ముప్పై ఏడు.

మునీశ్వరి ఒక మల్బరీ ఆకు తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అప్పడం మాదిరి కరకరమంటోంది.

"సూడు. పురుగులు ఇంకా పుట్టలేదు కాబట్టి బతికిపోయినాయి."

"సారీ మేడం."

"మేడం గీడం యాల? పేరుండాది కదా."

అంత కోపంలో కూడా పేరు పెట్టి పిలవమంది. ఆ కోపాన్ని నేను దాచుకున్నాను.

సాయంత్రం ఆమె మెట్టు మీద నోటుబుక్కుతో కూర్చుంది. నేను రెండు మెట్లు కింద కూర్చున్నాను. మసితో నా ముఖం నాకే గుర్తుపట్టడానికి లేదు.

"నీ కిలోకేలరీ అంటే అసలేంది? యాడ పుట్టింది?"

"ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడి చేసేదానికి ఎంత కావాల్నో అంత. అంటే నీళ్ళకు..."

ఆగిపోయాను. ఆమె పెన్ను కూడా ఆగిపోయింది.

"నీళ్ళు!" అన్నాం ఇద్దరం.

"వేడిని రూముకు నేరుగా పంపేది యాల? ముందు నీళ్ళలో దాచిపెడితే?"

"దాచిపెట్టి, కొంచెం కొంచెం వదిలితే!"

"నాకు గంటకు అయిదు వేలు చాలు. నీది గంటకు ఇరవై వేలు ఇస్తాది. పదైదు వేలు మిగులుతాది. నాలుగు గంటలు మంట పెడితే..."

"అరవై వేలు మిగులుతాది. రెండు వేల లీటర్లు, ముప్పై డిగ్రీలు!"

"అరవై వేలంటే పన్నెండు గంటలు! సాయంత్రం అయిదుకు పెట్టి తొమ్మిదికి ఆర్పేస్తే పొద్దున తొమ్మిది దాకా వస్తాది!"

ఆమె లేచి నిలబడింది. నేనూ లేచాను. సంతోషంలో నా మసి చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత తన చెయ్యి చూసుకుని, చున్నీకి తుడుచుకోబోయి, తుడుచుకోలేదు. నేను గమనించాను. ఆ తర్వాత చాలాసేపు నేను ఇంకేమీ గమనించలేదు.

"కానీ అంత పెద్ద ట్యాంకు యాడ దొరుకుతాది? ప్లాస్టిక్‌ది కరిగిపోతాది," అంది.

వెనకనుంచి వెంకటరమణప్ప గొంతు వినబడింది. ఎంతసేపటినుంచి వింటున్నాడో ఏమో.

"పుంగనూరులో నేను పాలు పోస్తాండిన కేంద్రం మూతపడి మూడేండ్లాయ. పాలు చల్లగా పెట్టే స్టీలు ట్యాంకు ఆడ్నే పడుండాది. రెండు వేల లీటర్లది. గోడ జానెడు మందం. చల్లదనాన్ని బయటికి పోనీనిది, వేడిని మాత్రం పోనిస్తాదా?"

ఇంజనీరింగ్ చదివిన నేను, డిగ్రీ చదివిన ఆమె ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

"నాయనా!" అని ఆమె వెళ్ళి ఆయన మఫ్లర్ పట్టుకుని గుంజింది.

"ట్యాంకు తెస్తాను. పురుగులు బతకకపోతే నా మాట నా మాటే," అన్నాడు ఆయన.

బుధవారం వెంకటరమణప్ప ట్రాక్టర్లో ముందు పోయాడు. దారిలో లెక్కలు చూసుకోవాలని మునీశ్వరి నా బండెక్కింది. ట్రాక్టర్లో కూర్చుని లెక్కలు చూసుకోకూడదా అని నేను అడగలేదు. అడిగేంత తెలివితక్కువవాణ్ణి కాదు.

సగం దారిలో తుంపర మొదలైంది. ఆమె నోటుబుక్కు తడవకుండా నా వీపుకూ తనకూ మధ్య దాచుకుంది. ఆ నోటుబుక్కు మీద నాకు చాలా కోపం వచ్చింది.

"టీ తాగుదామా?" అన్నాను.

"ఎంత?"

"ఎంతేంది?"

"ఎన్ని మిల్లీలీటర్లు? ఇంక నీతో యూనిట్ లేకుండా ఏదీ మాట్లాడను."

"సరే. నూటేభై మిల్లీలీటర్లు. తొంభై డిగ్రీలు. రెండు స్పూన్ల చక్కెర."

"ఆ, అట్ల చెప్పు."

టీ కొట్టు రేకు కింద నిలబడ్డాం. జుట్టు చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ అడిగింది.

"నీకేం పట్టింది అప్పా ఇంత? బాయిలర్ దించేసి పోయినా అడిగేవాళ్ళు లేరు."

"తప్పు నాది కదా."

"సగమే నీది."

"మిగతా సగం కోసం కూడా వస్తాండాను."

ఆమెకు టీ పొలమారింది. దగ్గి దగ్గి, "బిన్నె తాగు, లేటయితాది, నాయన కాచుకోనుంటాడు," అని తిరిగి నిలబడింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికి అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

గురువారమంతా బిగింపులు. పొద్దుగూకేసరికి బాయిలర్‌నుంచి ట్యాంకుకు, ట్యాంకునుంచి రూముకు పైపులు పోయాయి, మధ్యలో చిన్న మోటారు. శుక్రవారం పొద్దున మునీశ్వరి ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు.

"ఇరవై ఏడు! రాత్రంతా ఇరవై ఏడే! గుడ్లు పగిలినాయి, యాడ సూసినా నల్లగా చీమలంత పురుగులే! బిన్నె రా!"

మదనపల్లెనుంచి నేను ఎట్లా వెళ్ళానో నన్నడగొద్దు.

ఆ తర్వాత రోజూ వెళ్ళాను. ఒకరోజు వాల్వు చూడాలన్నాను. ఇంకోరోజు గేజ్ చూడాలన్నాను. మూడోరోజు చూడటానికి ఏమీ మిగల్లేదు, అయినా వెళ్ళాను. సాయంత్రాలు నేను పొయ్యిలో కట్టెలు తోస్తుంటే, ఆమె ఆకు తరుగుతూ నన్ను ఏడిపించేది. సుభాన్ భాయ్ ఊరుకుంటాడా?

"అరే సిద్ధూ, జబ్బు బాయిలర్‌కా, నీకా?"

"సర్వీస్ భాయ్."

"ముప్పై ఏండ్లలో నేను ఎవరికీ ఇంత సర్వీస్ చేయలేదు మియా. మా బేగంకు తప్ప."

మళ్ళీ శుక్రవారం. పొద్దున అయిదుకు ఫోన్ మోగింది.

"సిద్ధార్థా, కరెంటు పోయింది. మోటారు ఆగిపోయింది. ఫ్యాన్ ఆగిపోయింది. లైన్‌మ్యాన్‌ను అడిగితే మూడు గంటలు పడతాదంటాండాడు. పురుగులు రెండో జ్వరంలో ఉండాయి!"

తోలు మార్చుకునే ముందు పురుగు మేత మాని, తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. ఆ సమయంలో చలి తగిలితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. ఒకదానికొకటి ఎదుగుదలలో తేడా వచ్చిన పురుగుల్ని ఏ రైతూ తీసుకోడు.

నేను చేరేసరికి రూములో ఇరవై నాలుగు. మునీశ్వరి టార్చి పట్టుకుని థర్మామీటర్ ముందు నిలబడి ఉంది. వెంకటరమణప్ప గుమ్మంలో ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయమే ఉంది. టమాటా క్రేట్ల మాట ఎత్తిన మనిషే, కూతురి ముఖం చూడలేకపోతున్నాడు.

ట్యాంకు ముట్టుకున్నాను. గేజ్ అరవై ఐదు చూపిస్తోంది. పక్కనే అంత వేడి ఉంది, రూములోకి తోసే దిక్కు లేదు.

"మోసుకుపోదాం," అన్నాను.

"ఎట్ల?"

"పాల క్యాన్లలో! క్యాను నలభై లీటర్లు. ముప్పై డిగ్రీలు దిగితే పన్నెండు వందల కిలోకేలరీలు. గంటకు అయిదు వేలంటే నాలుగు క్యాన్లు!"

"కాదు!" అని అరిచింది. "క్యాను గంటలో అంతా ఇచ్చేయదు. ఫ్యాన్ లేదు. నిదానంగా, మూడు గంటలకు ఇస్తాది. అంటే గంటకు నాలుగు వందలు. నాలుగు క్యాన్లు చాలవు, పన్నెండు కావాల!"

తప్పు నాది. మళ్ళీ సైజు తప్పాను, ఈసారి తక్కువ వైపు. ఆమె పట్టుకోకపోతే పురుగులు పోయేవి.

"పన్నెండు క్యాన్లా? ఇంట్లో మూడే ఉండాయి," అన్నాడు వెంకటరమణప్ప. అంతలోనే రోడ్డు వైపు పరుగు తీశాడు. ఊళ్ళో పాలు పోసే వేళ అది. ఖాళీ క్యాన్లన్నీ రోడ్డు మీదికి వచ్చే వేళ. "రేయ్ మునెప్పా! నీ క్యాన్లు దించు! పాలు తర్వాత, మా పురుగులు పోతాండాయి!" అన్న అరుపు చలిలో ఊరంతా వినబడింది.

క్యానుకు రెండు చెవులు. ఒకటి ఆమె పట్టుకుంది, ఒకటి నేను పట్టుకున్నాను. ట్యాంకు కొళాయి కింద నింపిన క్యాను ఎత్తి, పక్కపక్కన అడ్డంగా నడుస్తూ, గుమ్మం దాటి, తట్టల వరసల మధ్య పెట్టి, మూత బిగించి, మళ్ళీ పరుగు. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి ఆమె చెయ్యి జారి వేడినీళ్ళు ఇద్దరి చేతుల మీదా చిందాయి.

"వదిలేయ్, నేను ఒక్కడినే తెస్తాను."

"నువ్వు ఒక్కడివే యాల? సెంటర్ నాది."

"చెయ్యి కాలింది కదా!"

"నీది కూడా కాలింది. ఎత్తు!"

అయిదు. ఆరు. రూము ఇరవై మూడుకు పడిపోయింది. ఏడు. ఎనిమిది. ఇరవై మూడు దగ్గర ఆగింది. వెంకటరమణప్ప, పాల బండి మునెప్ప రెండో జతగా మోశారు. పన్నెండో క్యాను పెట్టాక తలుపు మూసి, గోనెపట్టలు అడ్డం కట్టి, నలుగురం థర్మామీటర్ చుట్టూ చేరాం.

ఇరవై నాలుగు. పావుగంటకు ఇరవై ఐదు. ఏడున్నరకు ఇరవై ఆరున్నర.

మునీశ్వరి నా భుజం మీద తల వాల్చేసింది. వాళ్ళ నాన్న అక్కడే ఉన్నాడు. ఆయన థర్మామీటర్‌ని చాలా శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాడు. ఎనిమిదిన్నరకు కరెంటు వచ్చింది.

శనివారం పొద్దున పురుగులు జ్వరంలోంచి లేచాయి. ఒక తట్ట కాదు, రెండు కాదు, అన్నీ ఒకేసారి లేచాయి. మధ్యాహ్నానికి పన్నెండు మంది రైతులూ వచ్చారు. ఒక పెద్దాయన తట్ట మీదికి వంగి చాలాసేపు చూసి, "అన్నీ సమానంగా ఉండాయే పాపా," అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మునీశ్వరి ఆ తట్ట ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

చివరి తట్ట వెళ్ళిపోయాక వెంకటరమణప్ప ఫోన్ తీసి ఎవరికో చేశాడు.

"షెడ్డు ఖాళీ లేదప్పా. వేరే తావు సూసుకో. ఈడ మా పాప సెంటర్ నడుస్తాండాది."

అంతే అని పెట్టేశాడు.

ఆమె సెంటర్ నిలిచింది. నా పని అయిపోయింది. నేను స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వేశాను. వేసినవే తీసి మళ్ళీ వేశాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది. చేతికి గుడ్డ కట్టుకుని ఉంది.

"రేపు వస్తావా?"

"యాల? బాయిలర్ బాగానే ఉండాది కదా."

"బాయిలర్ బాగానే ఉండాది."

"మరి?"

"నేను బాగలేను. నువ్వు పోతాండావని పొద్దున్నుంచి నాకు అన్నం దిగలేదు. చాలునా? ఇంకా విడమరిచి చెప్పాల్నా?"

నా చేతిలో స్పానర్ కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

"మునీశ్వరీ, ఆ సోమవారం నువ్వు టెంపో ముందు నిలబడి తిట్టినావే, అప్పటినుంచే నేను బాగలేను," అన్నాను. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నీతోనే ఉండాల."

ఆమె నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపల వెనక దగ్గు వినబడింది. వెంకటరమణప్ప.

"ఏమప్పా సిద్ధార్థా, మీ ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరియ్యి."

"ఎ... ఎందుకు సార్?"

"ఇంకో బాయిలర్ అడిగేదానికి కాదులే. కుప్పం పోయి మాట్లాడొస్తాను."

తొందరలో ఫోన్ లాక్ తెరుచుకోలేదు. రెండుసార్లు తప్పు నొక్కాను. అప్పుడు నా పక్కనుంచి మునీశ్వరి మా అమ్మ నంబరు పది అంకెలూ తడుముకోకుండా చెప్పేసింది.

నేనూ, వాళ్ళ నాన్నా ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు పొయ్యి కాడ మసి చేతులతో ఉండేటప్పుడు మీ అమ్మ రోజూ ఫోన్ చేస్తాండె కదా. నేనే ఎత్తి మాట్లాడినాను. వారం దినాలుగా మాట్లాడుకుంటానే ఉండాము."

"ఏం మాట్లాడుకుంటాండారు? నాకు ఒక్క మాట చెప్పలేదే అమ్మ!"

"నీకు చెప్పొద్దన్నారు." చున్నీ కొన వేలికి చుట్టుకుంటూ వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి, తల దించుకుని అంది. "నువ్వేం కుప్పం పోబళ్ళేదు నాయనా. రేపు వాళ్ళే మనింటికి వస్తాండారు. ఈయప్పను కూడా రమ్మన్నారు."